పంజరము దాటిన రామచిలుక

ఆసిఫాబాదు జొన్నచేలలో కంకి పాలుపట్టగానే గుంపులుగా వాలెడి రామచిలుకను మనమందరము ఎరుగుదుము. ఉర్దూ మాటలాడు ఇండ్లలో దానినే ‘మియా మిఠ్ఠూ’ యని ముద్దుగా పిలిచెదరు. ఆ చిలుకయే నేడు లండను, బ్రస్సెల్సు నగరముల తోటలలో స్వేచ్ఛగా కాపురముండుట వింత. అది తానై ఎగిరిపోలేదు. మనుష్యులే పంజరములలో కొనిపోయిరి. 1974లో బ్రస్సెల్సునందలి మెలి పార్కు నుండి సుమారు 40 చిలుకలను విడిచిపెట్టగా, వాని సంతతి నేడు వేలకొలది. అచ్చటి చలికి అవి తాళుటకు, జనులు పెరళ్లలో పక్షులకు వేయు గింజలు కొంత తోడ్పడినవి.

చిలుక సాధారణముగా వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలోనో, చెట్టున సహజముగా ఏర్పడిన దానిలోనో గూడుకట్టును. అదియు స్థానిక పక్షులకంటె ముందుగానే. అందుచేత బెల్జియములో నట్‌హాచ్ అను చిన్నపిట్టకు తావు కరవగుచున్నదని పరిశోధకులు గుర్తించిరి. నేరము చిలుకదే యందుమా?

మన దేశములో వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) క్రింద నేడు రామచిలుకను పట్టుట, అమ్ముట నేరము. ఇంట చిలుక గలవారెవరని మేము తరగతిలో అడుగగా చాల చేతులు లేచినవి. ఎచ్చట కొంటిరని అడుగగా అన్నియు దిగినవి.