పాత ట్రాక్టరు డైనమో: బ్యాటరీకి విద్యుత్తు చేరు మార్గము

వేసవిలో నీళ్ల ట్యాంకరును లాగవలసిన పాత ట్రాక్టరు తెల్లవారుసరికి స్టార్టు కాక నిలిచిపోయినచో ఊరివారు పడు ఇబ్బంది పంచాయతీ సభ్యులకు తెలియనిది కాదు. అట్టి సమయమున ‘బ్యాటరీ పోయినది, కొత్తది కొనవలెను’ అను మాటయే వినబడును. కొత్తది కొందురు, కొన్నాళ్లకు అదియు నీరసించును. పెక్కుసార్లు దోషము బ్యాటరీలో గాక, దానికి విద్యుత్తునందించు ఏర్పాటులో నుండును. పంచాయతీ సొమ్మును ఖర్చుపెట్టుటకు తీర్మానించు ముందు ఈ ఏర్పాటును గూర్చి తెలిసికొనుట మేలని మా మనవి.

ఇంగ్లండులో 1946 మొదలు 1956 వరకు తయారైన ఫెర్గూసన్ టి.ఇ.20 వంటి పాత ట్రాక్టర్లలో, నేటి ఆల్టర్నేటరుకు బదులు డైనమో ఉండును. 12 వోల్టుల లూకాస్ పద్ధతి గల వానిని గూర్చి ఇచ్చట వివరింతుము.

ఇంజను తిరుగునపుడు బెల్టుద్వారా డైనమో తిరిగి విద్యుత్తు పుట్టించును. ఆ విద్యుత్తు కంట్రోలు పెట్టెకు చేరును. అందు రెండు సాధనములు కలవు. రెగ్యులేటరు విద్యుత్తు మితి మీరకుండ చూచును. కటౌటు, ఇంజను ఆగినపుడు బ్యాటరీలోని విద్యుత్తు డైనమోకు మరలిపోకుండ ఆపును. బావిలోని ఫుట్‌వాల్వు నీటిని వెనుకకు జారనీయని విధముననే ఇదియు పని చేయును.

తీగెలు కలుపు ముందు బ్యాటరీ ఎర్తు పట్టీని తప్పక విప్పవలెను. పిమ్మట ఈ క్రమమును పాటింపవలెను:

1. డైనమోపై ‘డి’ అను పెద్ద కొనను పెట్టెలోని ‘డి’కి లావు తీగెతో కలుపవలెను.
2. డైనమోపై ‘ఎఫ్’ అను చిన్న కొనను పెట్టెలోని ‘ఎఫ్’కు కలుపవలెను. ఈ రెండును తారుమారు కారాదు.
3. ‘ఇ’ని తుప్పు, రంగు గీకి శుభ్రపరచిన ట్రాక్టరు లోహమునకు బిగింపవలెను.
4. ‘ఎ’ నుండి తీగె అమ్మీటరు గుండా బ్యాటరీకి పోవలెను.
5. ‘ఎ1’ నుండి దీపములకు, స్విచ్చికి విద్యుత్తు పోవలెను.

స్టార్టరు మోటారు కేబులు మాత్రము అమ్మీటరు గుండా పోరాదు; పోయినచో అమ్మీటరు కాలిపోవును.

పాత బ్రిటిషు ట్రాక్టర్లలో అనేకమునకు బ్యాటరీ ధన ధ్రువము ఎర్తు చేయబడియుండును. కావున బ్యాటరీ నమర్చు ముందు ఏ ధ్రువము ఎర్తో నిశ్చయించుకొనవలెను. వేరొక డైనమో వేసినపుడు దాని ‘ఎఫ్’ తీగెను విప్పి, బ్యాటరీ ఎర్తు కాని ధ్రువమునుండి తెచ్చిన తీగెతో ‘ఎఫ్’ కొనను రెండు మూడు మారులు క్షణకాలము తాకింపవలెను. దీనివలన డైనమోకు సరియైన ధ్రువత్వము కలుగును. ఇది మరచినచో కటౌటు కాలిపోవచ్చును.

చార్జి కానిచో మొదట బెల్టు బిగువును చూడవలెను. తరువాత డైనమోనుండి రెండు తీగెలను విప్పి, ‘డి’, ‘ఎఫ్’ కొనలను చిన్న తీగెతో కలిపి, వానికిని డైనమో ఒడలికిని నడుమ వోల్టుమీటరు ఉంచి, ఇంజను వేగమును మెల్లగా పెంచవలెను. వోల్టులు త్వరగా పెరిగినచో డైనమో మంచిదే. దోషము తీగెలలోనో పెట్టెలోనో ఉండును. 20 వోల్టులు దాటనీయరాదు. పెరగనిచో బ్రష్షులను, కమ్యుటేటరును పరీక్షింపవలెను.

చార్జి అగు బ్యాటరీనుండి మండు వాయువు వెలువడును. దాని దగ్గర బీడీ, చుట్ట, అగ్గిపుల్ల వెలిగింపరాదు.

కొత్త బ్యాటరీ కావలెనని అర్జీ వచ్చినపుడు సభ్యులు మెకానిక్కును మూడు ప్రశ్నలడుగవలెను: బెల్టు బిగువుగా నున్నదా? ‘ఇ’ తీగె శుభ్రమైన లోహమును తాకుచున్నదా? డైనమోను వోల్టుమీటరుతో పరీక్షించితివా? ఈ మూడింటికి సమాధానము దొరకిన పిమ్మటనే తీర్మానముపై చేవ్రాలు చేయుట ఊరి సొమ్మునకు క్షేమము.