పోయిన యేటితో పోల్చి చూద్దాం
(ఆరోగ్య పాఠం: అంకెలను కాలంతో పోల్చి చదవడం)



"ఈసారి జ్వరాలు ఎక్కువున్నయా, తక్కువున్నయా?" వానకాలం వచ్చిందంటే ఆసుపత్రి వరండాలో ఎక్కువగా వినబడే ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఎప్పటితో పోల్చితే ఎక్కువ? పోయిన నెలతోనా, పోయిన యేటితోనా? ఈ రెండు ప్రశ్నలకు జవాబులు వేరువేరుగా వస్తాయి. కాలాన్ని కాలంతో సరిగ్గా పోల్చడం ఎలాగో, కంప్యూటర్‌లో ఆ పోలికను ఎలా అమర్చుకోవాలో, మన ఇంటి ఆరోగ్యానికి అది ఎలా పనికొస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

రైతుకు తెలిసిన సూత్రం

మన రైతులకు ఈ పాఠం కొత్త కాదు. వానకాలం వరి దిగుబడిని ఎవరూ యాసంగి దిగుబడితో పోల్చరు. పోయిన వానకాలంతోనే పోలుస్తారు. నీళ్లు, ఎండ, పురుగు, అన్నీ కాలాన్ని బట్టి మారతాయని వారికి తెలుసు. జబ్బులు కూడా అంతే. మే నెలలో తక్కువగా ఉన్న మలేరియా ఆగస్టులో పెరిగిందంటే అందులో వింత లేదు. వాన పడాలి, నీళ్లు నిలవాలి, దోమ గుడ్లు పెట్టి పెరగాలి, ఆ దోమలో మలేరియా క్రిమి ఎదగాలి, అది కుట్టిన మనిషికి ఒకటి రెండు వారాల తర్వాత జ్వరం రావాలి. అందుకే వాన మొదలైన కొన్ని వారాలకు గానీ కేసులు పెరగవు. కాబట్టి ఆగస్టును జూలైతో పోల్చితే తెలిసేది ఎక్కువగా కాలం మహిమ. పోయిన యేటి ఆగస్టుతో పోల్చితే తెలిసేది మన ఊరి పరిస్థితి.

ఒక నర్సు చేసిన పోలిక

ఈ సూత్రాన్ని ఆసుపత్రి పనిలో గొప్పగా వాడి చూపించినవారు ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆమె 1854 నవంబరులో క్రిమియా యుద్ధ సమయాన స్కుటారీ సైనిక ఆసుపత్రికి చేరుకున్నారు. తర్వాత 1858లో ఆమె ప్రచురించిన పటంలో రెండు వలయాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి 1854 ఏప్రిల్ నుండి 1855 మార్చి వరకు, రెండవది 1855 ఏప్రిల్ నుండి 1856 మార్చి వరకు. ప్రతి నెలకు ఒక ముక్క. చూసేవారు ఒక జనవరిని మరుసటి జనవరితో పోల్చుకోగలరు.

1855 జనవరి ఒక్క నెలలోనే నివారించదగిన అంటు జబ్బులతో 2,761 మంది, గాయాలతో 83 మంది సైనికులు చనిపోయారు. 1855 మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య బృందం మురుగు కాల్వలను శుభ్రం చేయించి, గోడలకు సున్నం వేయించి, గాలి ఆడేలా చేసింది. మరుసటి యేటి జనవరి ముక్క ఎంతో చిన్నదైపోయింది. సైనికులను ఎక్కువగా చంపింది శత్రువు తుపాకీ కాదు, మురికి అని ఆ పటం పాలకులకు చూపించింది.

మన దగ్గర ఎందుకు అవసరం

మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందనడానికి తొలి ఆధారం 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్‌కు దొరికింది. ఆ సంగతి తెలిసి నూరేళ్లు దాటినా ఉట్నూరు, జైనూరు, తిర్యాణి వంటి ఏజెన్సీ మండలాల్లో వానకాలం అంటే జ్వరాల కాలమే. పట్టణాల్లో డెంగీ తోడైంది. దేశంలో 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద ఆసుపత్రులు వారం వారం జబ్బుల లెక్కలు పంపుతూ వచ్చాయి. ఈ వారం అంకెను అదే వారపు పాత అంకెలతో పోల్చితే జబ్బు విజృంభణను మొదట్లోనే పసిగట్టవచ్చు. రెండు వారాలు ముందు తెలిస్తే దోమతెరలు, రక్త పరీక్షలు, మందులు ఆ ఊరికి రెండు వారాలు ముందు చేరతాయి. పసిపిల్లలకు, గర్భిణులకు ఆ రెండు వారాలే ప్రాణం.

కంప్యూటర్‌లో అమర్చుకునే విధం

మన సంఘాల్లో కంప్యూటర్ నేర్చుకున్న యువతీ యువకులు చాలామంది ఉన్నారు. ఆసుపత్రి లెక్కలకే కాదు, సంఘ ఖాతాలకు, చిన్న దుకాణానికి కూడా పద్ధతి ఇదే. ఎక్సెల్ అయినా, పవర్ బీఐ వంటి వ్యాపార విశ్లేషణ సాఫ్ట్‌వేర్ అయినా మెట్లు ఇవే.

1. ఒక్కో రోగి రాకకు ఒక్కో వరుస రాయండి. తేదీ, గ్రామం, పరీక్ష చేశారా, ఫలితం ఏమిటి. లెక్కకు పేర్లు అవసరం లేదు, వాటిని తీసివేయండి.

2. తేదీని తేదీగానే నమోదు చేయండి. 05-08 అని కొడితే కొన్ని కంప్యూటర్లు ఆగస్టు 5 అనుకోక మే 8 అనుకుంటాయి. ముందు సెట్టింగుల్లో భారతదేశ పద్ధతిని ఎంచుకోండి.

3. వేరే షీటులో తేదీల పట్టిక తయారుచేయండి. జనవరి 1 నుండి డిసెంబరు 31 వరకు, ఒక్క రోజూ వదలకుండా. పక్కన సంవత్సరం, నెల, వారం, ఓపీ ఉన్న రోజా సెలవా అనే గడులు పెట్టండి. ఒక్క కేసూ రాని రోజు రిజిస్టరులో కనబడదు. కానీ సున్నా కూడా ఒక అంకే. తేదీల్లో ఖాళీలుంటే సాఫ్ట్‌వేర్ పోలిక తప్పుతుంది.

4. రెండు పట్టికలను తేదీ ద్వారా కలపండి. పవర్ బీఐలో అయితే రెండవదాన్ని తేదీల పట్టికగా గుర్తించమని చెప్పాలి.

5. ఏ కాలం కావాలో నిర్ణయించుకోండి. ఒక వారమా, నెలా, సంవత్సరం మొదటి నుండి నేటి వరకా? సంవత్సరం అంటే జనవరి నుండా, ఏప్రిల్ నుండా అనేది ముందే రాసి పెట్టుకోండి.

6. దాని పక్కన పోయిన సంవత్సరం అదే కాలాన్ని తెప్పించండి. పవర్ బీఐలో 'సేమ్ పీరియడ్ లాస్ట్ ఇయర్' అనే సూత్రం ఈ పని చేస్తుంది. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ పెట్టి నెలలను వరుసల్లో, సంవత్సరాలను నిలువు గడుల్లో ఉంచితే చాలు.

7. చివర రెండు గడులు చేర్చండి. ఒకటి తేడా, ఇంకొకటి శాతం. తేడాను పోయిన యేటి అంకెతో భాగించి 100తో గుణిస్తే శాతం వస్తుంది. పోయిన యేడు సున్నా అయితే భాగించలేము, ఆ గడి ఖాళీగా వదలండి.

8. ఏదో ఒక నెలను రిజిస్టరులో చేత్తో లెక్కపెట్టి కంప్యూటర్ అంకెతో సరిచూడండి. ఈ మెట్టు వదిలితే మిగతా శ్రమంతా వృథా కావచ్చు.

దారి తప్పించే పోలికలు

సగం నెలను నిండు నెలతో పోల్చడం: ఈ రోజు ఆగస్టు 18 అయితే, పోయిన యేటి ఆగస్టు 1 నుండి 18 వరకే తీసుకోవాలి. నిండు ఆగస్టుతో పోల్చితే జ్వరాలు తగ్గాయనే తప్పుడు ధైర్యం వస్తుంది.

రోజుల లెక్క మరవడం: 2024 ఆగస్టులో నాలుగు ఆదివారాలు, 2025 ఆగస్టులో ఐదు. ఆదివారం ఓపీ లేని చోట, మిగతా సెలవులు పక్కన పెడితే, ఒకదానిలో 27 పని రోజులు, ఇంకొకదానిలో 26. ఉదాహరణకు మొదటి ఆగస్టులో 540 జ్వరాలు, రెండవదానిలో 546 వచ్చాయనుకుందాం. పెరిగింది ఆరే అనిపిస్తుంది. రోజుకు లెక్కిస్తే 20 నుండి 21కి, అంటే నూటికి ఐదు వంతులు పెరిగింది. 2024 ఫిబ్రవరికి 29 రోజులు, 2025 ఫిబ్రవరికి 28 రోజులు అన్నదీ గుర్తుంచుకోవాలి.

కదిలే పండుగలు: ఈస్టరు 2024లో మార్చి 31న, 2025లో ఏప్రిల్ 20న వచ్చింది. దసరా 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. పండుగ వారంలో ఆసుపత్రికి వచ్చేవారు తగ్గితే అది జబ్బు తగ్గినట్టు కాదు.

పరీక్షల సంఖ్య చూడకపోవడం: పోయిన యేడు 200 మందికి రక్త పరీక్ష చేస్తే 10 మందిలో మలేరియా కనబడింది అనుకోండి. ఈ యేడు 500 మందికి చేస్తే 15 మందిలో కనబడింది. కేసులు పెరిగాయి, కానీ నూటికి ఐదు ఉన్నది మూడైంది. ఎక్కువ వెతికాము కాబట్టి ఎక్కువ దొరికింది.

సరిహద్దులు మారడం: 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ జిల్లా నుండి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. 2015 ఆదిలాబాద్ అంకెను 2017 ఆదిలాబాద్ అంకెతో పోల్చితే జ్వరాలు ఒక్కసారిగా మాయమైనట్టు కనబడుతుంది. పాత కరీంనగర్ సంగతి ఇంకా చిక్కు. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలే కాక, హుస్నాబాద్ వంటి కొన్ని ప్రాంతాలు సిద్దిపేట తదితర జిల్లాలకు వెళ్లాయి. అందుకే గ్రామం పేరుతో లెక్క ఉంచుకుంటే ఎన్ని జిల్లాలు మారినా పోలిక చెడదు.

అసాధారణ సంవత్సరం: 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక బండ్లు లేక, భయంతో జనం ఆసుపత్రులకు రావడమే తగ్గింది. ఆ యేటిని కొలబద్దగా పెట్టుకుంటే తర్వాతి యేడంతా పెరుగుదలే కనబడుతుంది.

ఒక్క యేడు చాలదు

అందుకే జ్వరాల విషయంలో అయిదేళ్లను చూడడం మంచిది. ఒక ఊరిలో ఒకే వారానికి గత అయిదేళ్ల కేసులు 6, 9, 7, 21, 8 అనుకుందాం. ఈసారి 14 వచ్చాయి. విజృంభణ వచ్చిన యేటి 21తో మాత్రమే పోల్చితే "తగ్గిందిలే" అని ఊరుకుంటాము. అయిదింటినీ చిన్నదాని నుండి పెద్దదానికి పేర్చితే 6, 7, 8, 9, 21. నడిమి అంకె 8. దానితో పోల్చితే 14 అంటే ఆ ఊరికి వెంటనే వెళ్లవలసిన సూచన. అయితే చిన్న అంకెల శాతాలతో కంగారు పడకూడదు. రెండు కేసులు నాలుగైతే నూటికి నూరు పెరిగినట్టే, కానీ పెరిగింది ఇద్దరే. శాతం పక్కన అసలు అంకెను ఎప్పుడూ చూడండి.

ఇంటి పుస్తకంలో ఇదే సూత్రం

షుగరు: పరగడుపు అంకెను పరగడుపు అంకెతోనే పోల్చాలి, తిన్నాక వచ్చిన అంకెతో కాదు. మూడు నెలల షుగరు పరీక్ష అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటును చెబుతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బ్రతకడమే దీనికి కారణం. పరీక్షకు ముందు రెండు రోజులు పథ్యం చేస్తే ఈ అంకె మారదు.

బీపీ: అయిదు నిమిషాలు కూర్చున్నాక, అదే చేతికి, రోజూ అదే వేళకు చూపించుకొని తేదీతో రాసుకోండి. మెట్లెక్కి వచ్చిన వెంటనే చూసిన బీపీకి, నెమ్మదిగా కూర్చొని చూసిన బీపీకి పోలిక లేదు.

పిల్లల బరువు: పక్కింటి బిడ్డతో కాదు, మీ బిడ్డ పోయిన నెల బరువుతో పోల్చండి. వరుసగా రెండు నెలలు బరువు పెరగకపోతే బిడ్డ బాగానే ఆడుకుంటున్నా ఆసుపత్రికి తీసుకురండి.

టీబీ: ఇక్కడ తప్పుడు పోలిక ప్రాణాంతకం. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. మొదటి రోజుతో పోల్చుకొని "నయమైంది" అని మానేసేవారున్నారు. లోపల క్రిములు ఇంకా ఉంటాయి, మందులకు లొంగని టీబీగా మారవచ్చు. సాధారణంగా ఆరు నెలల చికిత్స ఉంటుంది. డాక్టరు చెప్పేవరకు ఒక్క రోజూ ఆపకండి.

జ్వరం: దీనికి ఏ పోలికా వద్దు. "పోయిన యేడు ఇట్లనే వచ్చి పోయింది" అని ఎదురుచూడకుండా అదే రోజు రక్త పరీక్ష చేయించుకోండి.

లెక్క ఎవరి కోసం?

వంద గొర్రెలలో ఒకటి తప్పిపోయిందని కాపరికి తెలిసింది లెక్క పెట్టినందువల్లనే. ప్రభువు చెప్పిన ఆ ఉపమానంలో కాపరి తొంభై తొమ్మిది ఉన్నాయి కదా అని తృప్తిపడలేదు. మన పట్టికలోని ప్రతి అంకె వెనుక ఒక తల్లి, ఒక బిడ్డ, ఒక కూలి మనిషి ఉన్నారు. మీరు పరీక్షకు వచ్చినప్పుడు ఊరి పేరు సరిగ్గా చెప్పడం, పాత చీటీలు పారేయకుండా తేవడం కూడా ఈ పరిచర్యలో భాగమే.

ఇంట్లో కలిసి ఆలోచించండి

1. మన ఇంట్లో బీపీ, షుగరు ఉన్నవారి పాత అంకెలు తేదీలతో ఒకచోట రాసి ఉన్నాయా?

2. మీ వీధిలో గత వానకాలం ఎంతమందికి జ్వరం వచ్చింది? ఈసారి ఎంతమందికి? తేడాకు కారణం ఏమై ఉంటుంది?

3. వారానికి ఒకరోజు తొట్లు, కూలర్లు, డ్రమ్ములు ఖాళీ చేసి ఆరబెడుతున్నామా? డెంగీ దోమ గుడ్డు నుండి దోమ కావడానికి వారం పది రోజులే పడుతుంది.