సూది చేరింది సిరలోకా, ధమనిలోకా?

ఐసీయూలో రోగి మెడ పక్కన రెండు మూడు సన్నని గొట్టాలు కనిపిస్తుంటాయి. అదే సెంట్రల్ లైన్. చేతికి పెట్టే సెలైన్ సూదిలా కాకుండా, దీని కొస గుండెకు ఆనుకుని ఉన్న పెద్ద సిర దాకా వెళ్తుంది. చిన్న సిరలు తట్టుకోలేని ఘాటైన మందులను దీని ద్వారా ఎక్కిస్తారు.

అమర్చే పద్ధతికి మూలం స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ 1953లో వివరించిన ఉపాయం. ముందు సూది, దానిలోంచి సన్నని తీగ. సూది తీసేసి, తీగ మీదుగా దారిని వెడల్పు చేసే డైలేటర్, ఆ తర్వాత గొట్టం. మెడలో సిర పక్కనే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని ఉంటుంది. పొరపాటున సూది అందులో దిగితే, వెంటనే తీసి నొక్కిపట్టడంతో చాలాసార్లు సరిపోతుంది. డైలేటర్ దిగితే మాత్రం ఆపరేషన్ అవసరం కావచ్చు, పక్షవాతం ముప్పూ ఉంది. అంటే ఏది సిరో తేల్చుకోవాల్సింది డైలేటర్ కంటే ముందే.

రక్తం రంగు చూసి చెప్పలేమా? నమ్మలేం. ఆక్సిజన్ తగ్గిన రోగిలో ధమని రక్తమూ నల్లగానే ఉంటుంది. బీపీ పడిపోతే అది చిమ్మదు కూడా. సెంట్రల్ లైన్ అవసరమయ్యేది ఎక్కువగా ఇలాంటి రోగులకే!

అందుకే అల్ట్రాసౌండ్. శరీర కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. 10 మెగాహెర్ట్జ్ ప్రోబ్ వాడితే తరంగదైర్ఘ్యం 0.15 మిల్లీమీటర్లే కాబట్టి బొమ్మ స్పష్టంగా వస్తుంది. ఈ తరంగాలు ఎక్కువ లోతుకు పోలేవు. మెడ సిర చర్మం కిందే ఉంటుంది కనుక ఇబ్బంది లేదు. ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే సిర అణిగిపోతుంది, ధమని అణగదు. ఒక చిక్కుంది: తెరపై మెరిసే చుక్క సూది మొన కాకుండా నడుమ భాగం కావచ్చు. మొన అప్పటికే సిరను దాటిపోయి ఉండొచ్చు. కాబట్టి తీగ సిరలోనే ఉందని అడ్డంగానూ నిలువుగానూ చూశాకే ముందుకెళ్లాలి.

నాకు బాగా నచ్చింది మరో పరీక్ష. శుభ్రపరచిన సన్నని ట్యూబును తగిలించి నిలువుగా పట్టుకోవడమే. సిరలోనైతే రక్తం సాధారణంగా పది సెంటీమీటర్ల లోపే ఆగి, ఊపిరితో పాటు పైకీ కిందికీ ఆడుతుంది. ధమనిలో సగటు పీడనం 100 మిల్లీమీటర్ల పాదరసం అనుకుంటే, నీటి లెక్కలో 136 సెంటీమీటర్లు. బీపీ సగానికి పడిపోయినా 68! తేడా కంటికే తెలిసిపోతుంది.

ఇన్ఫెక్షన్ల సంగతికొస్తే, ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. చేతులు కడుక్కోవడం, రోగిని పూర్తిగా కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, వీలైనంతవరకు తొడ సిరను వాడకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. అమెరికాలోని మిషిగన్ ఐసీయూల్లో వీటిని పట్టుదలగా పాటించారు. వెయ్యి కేథటర్ రోజులకు 2.7గా ఉన్న ఇన్ఫెక్షన్ల మధ్యగత రేటు మూడు నెలల్లో సున్నాకు చేరిందని 2006లో ప్రచురించారు.

తీసేటప్పుడూ జాగ్రత్త కావాలి. కూర్చున్నప్పుడు మెడ సిరలో పీడనం బయటి గాలి కంటే తగ్గిపోతుంది. ఆ క్షణాన రంధ్రం తెరుచుకుంటే గాలి లోపలికి పీల్చుకుపోయి గుండెకు చేరవచ్చు. అందుకే రోగిని తల కిందికి వాల్చి పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి గొట్టం లాగి, ఆ చోటును నొక్కిపట్టి గాలి చొరబడని పట్టీ వేస్తారు.