రాజు చేసిన అక్షరాలు - ఆడవాళ్ళు నడిపిన పత్రిక

సెప్టెంబరు 8 అక్షరాస్యతా దినం. 1967 నుంచి ప్రపంచమంతా ఈ రోజును జరుపుకుంటున్నారు. ఐక్యరాజ్య సమితిలో చదువు సంగతులు చూసే సంస్థ యునెస్కో. పెద్దవాళ్ళకు చదువు నేర్పడంలో మంచి పని చేసినవాళ్ళకు యునెస్కో ఏటా బహుమతులు ఇస్తుంది.

ఆ బహుమతుల్లో ఒకదాని పేరు సెజోంగ్ రాజు అక్షరాస్యతా బహుమతి. ఎవరీ సెజోంగ్ రాజు? చదువు బహుమతికి ఆయన పేరు ఎందుకు పెట్టారు?

అక్షరాలు చేసిన రాజు

చైనా పక్కన కొరియా దేశం ఉంది. సెజోంగ్ ఆ దేశాన్ని 1418 నుంచి 1450 దాకా ఏలాడు. అప్పట్లో కొరియా వాళ్ళకు సొంత భాష ఉంది. సొంత అక్షరాలు లేవు. రాయాలంటే చైనా రాతే దిక్కు. చైనా రాతలో గుర్తులు వేలకు వేలు. అవి నేర్వాలంటే ఏళ్ళు పడుతుంది. పొద్దస్తమానం కష్టం చేసుకునేవాళ్ళకు అంత తీరిక ఎక్కడిది? అన్యాయం జరిగినా కాగితం మీద పెట్టి చెప్పుకోలేకపోయేవాళ్ళు.

రాజు ఈ సంగతి గమనించాడు. 1443లో 28 అక్షరాలు తయారుచేశాడు. 1446లో వాటిని ప్రజలకు ఇచ్చాడు. మాట్లాడేటప్పుడు నాలుక, పెదవులు, గొంతు ఎట్లా ఉంటాయో చూసి ఆ అక్షరాల్లో చాలావాటికి రూపం ఇచ్చారు. అందుకే అవి తేలికగా పట్టుబడతాయి.

కొలువులో కొందరు పండితులకు ఇది నచ్చలేదు. చైనా రాత ఉండగా వేరే రాత ఎందుకని అడ్డం తిరిగారు. 1504లో ఇంకో రాజు ఆ అక్షరాలు ఎవరూ వాడకూడదని ఆజ్ఞ వేశాడు. తనను తప్పుపడుతూ ఎవరో ఆ అక్షరాలతోనే కాగితాలు రాశారని ఆయన కోపం!

చదువుకున్న మగవాళ్ళు వాటిని 'ఆడవాళ్ళ రాత' అని ఎగతాళి చేశారు. ఆడవాళ్ళు మాత్రం వాటిని వదల్లేదు. ఆ అక్షరాలతోనే ఉత్తరాలు రాసుకున్నారు. కథలు చదువుకున్నారు. ఆడవాళ్ళ చేతుల్లో ఆ అక్షరాలు బతికాయి. చివరికి 1894లో ప్రభుత్వ కాగితాల్లోకి వచ్చాయి. ఇప్పుడు కొరియాలో అందరి రాతా అదే.

మన దేశానికి వచ్చిన బహుమతులు

ఈ బహుమతికి డబ్బు ఇచ్చేది దక్షిణ కొరియా ప్రభుత్వం. 1989లో దీన్ని ఏర్పాటు చేశారు. గెలిచినవాళ్ళకు పతకం, ప్రశంసా పత్రం, డబ్బు ఇస్తారు. తల్లి భాషలో చదువు చెప్పేవాళ్ళకు ఇందులో పెద్దపీట.

1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం జిల్లా సంపూర్ణ అక్షరాస్యత సాధించింది. దేశంలో అలా సాధించిన మొదటి జిల్లా అదే. ఆ పనిలో ముందు నిలిచింది కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు. ఆ ఏడాదే ఆ సంస్థకు సెజోంగ్ బహుమతి వచ్చింది.

1999లో మన జాతీయ అక్షరాస్యతా మిషన్‌కు యునెస్కో వారి నోమా బహుమతి వచ్చింది. నెల్లూరు జిల్లాలో అక్షర ఉద్యమం జరిగింది ఆ మిషన్ కిందనే. ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు చదువుకుంటూనే ఒక్కటయ్యారు. మా ఊళ్ళో సారా వద్దని నిలబడ్డారు.

ఖబర్ లహరియా

ఉత్తరప్రదేశ్‌లో చిత్రకూట్ జిల్లా ఉంది. కరువు ప్రాంతం. 2002లో అక్కడి పల్లె ఆడవాళ్ళు ఒక పత్రిక మొదలుపెట్టారు. దాని పేరు ఖబర్ లహరియా. అంటే వార్తల అలలు. ఢిల్లీలోని నిరంతర్ అనే సంస్థ వాళ్ళకు తోడు నిలిచింది.

పత్రిక పెట్టినవాళ్ళలో దళిత ఆడవాళ్ళు ఎక్కువ. పెద్దయ్యాక అక్షరాలు దిద్దినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఊరూరూ తిరిగి వార్తలు తెచ్చేది వాళ్ళే. రాసేది వాళ్ళే. అమ్మేది కూడా వాళ్ళే. ఆడవాళ్ళు విలేకరులేమిటని నవ్వినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు లెక్కచేయలేదు. తాగునీళ్ళు, రోడ్లు, రేషను, ఆడవాళ్ళ మీద దౌర్జన్యాలు - అన్నీ రాశారు. తాము ఇంట్లో మాట్లాడే బుందేలీ మాటల్లోనే రాశారు. కొత్తగా చదువు నేర్చినవాళ్ళు 20,000 మందికి పైగా ఆ పత్రిక చదివారు.

2009లో ఈ పత్రికకు గాను నిరంతర్ సంస్థకు సెజోంగ్ బహుమతి వచ్చింది. తర్వాత పత్రిక కాగితం నుంచి ఫోనులోకి మారింది. ఇప్పుడు ఆ ఆడవాళ్ళు వీడియోలు తీసి వార్తలు చెబుతున్నారు.

కొరియాలో అక్షరాలు నిలిచింది ఆడవాళ్ళు రోజూ రాసినందువల్ల. చిత్రకూట్‌లో బహుమతి వచ్చింది నేర్చిన అక్షరాన్ని పనిలో పెట్టినందువల్ల. వాడని కొడవలికి తుప్పు పడుతుంది. అక్షరమూ అంతే. రోజుకు నాలుగు వాక్యాలైనా రాస్తే చేతిలో నిలుస్తుంది.

కొత్త మాటలు
కొలువు - రాజు సభ
ప్రశంసా పత్రం - మెచ్చుకుంటూ ఇచ్చే కాగితం
విలేకరి - వార్తలు తెచ్చి రాసే మనిషి

చెప్పండి
1. సెజోంగ్ రాజు అక్షరాలు ఎందుకు తయారుచేశాడు?
2. ఆ అక్షరాలను ఎవరు బతికించారు?
3. ఖబర్ లహరియాలో ఆడవాళ్ళు ఏయే పనులు చేశారు?

రాయండి
మీ ఊళ్ళో నీళ్ళు, బడి, రేషను షాపు - వీటిలో ఒకదాని గురించి నాలుగు వాక్యాలు రాయండి. కింద తేదీ వేయండి. మీ పేరు రాయండి. నలుగురిలో చదివి వినిపించండి.