ట్రాక్టరు ట్రైలరు బ్రేకులు - షూలు మార్చి బిగువు సరిచేయు విధము

కోతలైన పిమ్మట ధాన్యము కళ్లమునుండి మార్కెటు యార్డునకు చేరుటకు మన రైతులలో పెక్కుమందికి ట్రాక్టరు ట్రైలరే ఆధారము. ఇంజనులో ఆయిలు మార్చుటయందు మనము చూపు శ్రద్ధ ట్రైలరు బ్రేకులయెడ చూపుట లేదు. నిండు బరువుగల ట్రైలరు చెరువుకట్ట దిగునపుడు ట్రాక్టరును వెనుకనుండి త్రోయును. ఆ సమయమున ట్రాక్టరు బ్రేకులు మాత్రమే పట్టినచో బండి మడతపడి బోర్లపడవచ్చును, ప్రాణహానియు కలుగవచ్చును. కావున ఈ విషయమును సభ్యుల యుపయోగార్థము వ్రాయుచున్నాము.

చక్రముతో తిరుగు ఇనుప డ్రమ్ములో వంపుగల రెండు షూలుండును. వాని వెలుపలితట్టున లైనింగు అతికింపబడియో, రివెట్లతో బిగింపబడియో యుండును. బ్రేకు వేసినపుడు షూలు విచ్చుకొని డ్రమ్మును లోపలినుండి ఒరయును. ఆ రాపిడిచే చక్రము నిలుచును. లైనింగు అరిగినకొలది సందు పెరిగి బ్రేకు ఆలస్యముగా పట్టును.

షూలు మార్చుటకు ముందు ట్రైలరును ఖాళీచేసి, సమతలమున నిలిపి, రెండవ ప్రక్క చక్రమునకు ముందువెనుకల రాళ్లుంచవలెను. చక్రపు నట్లను నేలమీదనుండగనే కొంచెము వదులుచేసి, పిమ్మట ఇరుసుక్రింద జాకీ పెట్టి లేపి, గట్టి దిమ్మలు ఆనించవలెను. జాకీనొక్కదానినే నమ్మి పనిచేయరాదు. బ్రేకు విడిచి, అడ్జస్టరు వదులుచేసినచో డ్రమ్ము సులభముగా వచ్చును. లోపలి ధూళిని నోటితోగాని గాలిపంపుతోగాని ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. అది ఊపిరితిత్తులకు హానికరము. తడిగుడ్డతో తుడువవలెను.

లైనింగు రివెట్ల తలలవరకు అరిగినను, నూనెతో తడిసినను షూలు మార్చవలెను. నూనె పట్టిన లైనింగును కడిగి వాడుట ప్రమాదము. నూనె ఏ సీలునుండి కారుచున్నదో కనుగొని, ముందుగా దానిని మార్చవలెను. ఒక ఇరుసు రెండు చక్రములకును షూలు ఒకేసారి మార్చవలెను. లేనిచో బండి ఒక ప్రక్కకు లాగును. ఒక ప్రక్క పని ముగిసినపిదపనే రెండవది విప్పినచో, స్ప్రింగుల అమరికకు విప్పని ప్రక్క మాదిరిగా నుండును. డ్రమ్ము పగిలినచో మార్చక తప్పదు. షూలు ఆను చోట్ల గ్రీజు పలుచగా రాయవలెను; లైనింగునకు అంటరాదు. హబ్బు విప్పినచో క్రొత్త కాటరు పిన్ను వేయవలెను.

బిగువు సరిచేయునపుడు మొదట అడ్జస్టరును, తరువాతనే కడ్డీని లేక కేబులును సవరించవలెను. చక్రమును చేతితో త్రిప్పుచు, అది నిలుచువరకు అడ్జస్టరు బిగించి, బ్రేకును రెండుమూడుసార్లు వేసి విడువవలెను. పిమ్మట చక్రము స్వేచ్ఛగా తిరుగువరకు కొద్దికొద్దిగా వదలవలెను. రెండు ప్రక్కలను సమముగా నుంచవలెను.

తరువాత ఖాళీ ట్రైలరును మెల్లగా నడిపి పలుమారులు ఆపి చూడవలెను. ఒక డ్రమ్ము రెండవదానికన్న మిక్కిలి వేడెక్కినచో దాని బిగువు ఎక్కువైనదని తెలియును. కొంతదూరము నడిచినపిదప చక్రపు నట్లను మరల బిగించవలెను. క్రొత్త లైనింగు డ్రమ్మునకు ఒదుగువరకు నిండు బరువు వేయరాదు. హైడ్రాలిక్ బ్రేకులలో నూనె కారుట కాననైనచో ఆ పని మెకానికుచేతనే చేయించవలెను.

రోడ్డుపై పోవునపుడు ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్లను కలుపు గొళ్లెము వేసియుంచవలెను. దిగుడులో న్యూట్రలున నడుపరాదు; దిగుటకు ముందే తక్కువ గేరు వేయవలెను. బ్రేకులు లేని ట్రైలరులు గల సభ్యులు బరువు తగ్గించి, మిక్కిలి నెమ్మదిగా నడుపవలయునని మా మనవి.