సముద్రం మనకెంత దూరం?

"సముద్రం మనకాడ లేదు కదమ్మా! తుపాను సంగతి మనకెందుకు?"

కలకడ దగ్గర ఒక పల్లెలో ఆడవాళ్లు సాయంత్రం చదువుకోడానికి కూర్చుంటారు. అక్కడ ఒక అవ్వ ఈ మాట అడిగింది.

అవ్వ అడిగింది సబబే. కలకడ నుంచి సముద్రం నూరు కిలోమీటర్ల పైమాటే. మనలో ఎందరమో సముద్రాన్ని కళ్లారా చూడలేదు. మనం రోజూ చూసేది గుట్టలు, చెరువులు, టమాటా తోటలు, చెనిక్కాయ చేలు.

మన ఆంధ్రప్రదేశ్‌కు తూర్పున బంగాళాఖాతం ఉంది. తీరం పొడవు దాదాపు వెయ్యి కిలోమీటర్లు. తీరంలో వాళ్లకు తుపాను భయం. మన సీమ వాళ్లకు కరువు భయం. 1876లో వచ్చిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఆ తెలుగు సంవత్సరం పేరు ధాత. ఆ కరువులో దక్షిణ దేశమంతా లక్షల మంది ఆకలితో చనిపోయారు.

అయితే మన చెరువులు నింపేది కూడా ఆ సముద్రమే. జూన్‌లో నైరుతి గాలులు వస్తాయి. అవి పడమటి కనుమల దగ్గరే చాలా వాన కురుస్తాయి. మన దాకా వచ్చేసరికి పలచబడతాయి. అక్టోబరు నుంచి గాలి ఈశాన్యం వైపు నుంచి తిరుగుతుంది. అప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మనకు మంచి వాన. చెరువు నిండి మరవ పోతే గంగమ్మకు పొంగళ్లు పెడతాం. వాయుగుండం పడకపోతే ఆ ఏడు బోర్లు కూడా ఎండుతాయి. అందుకే వాయుగుండం అంటే మనకు సగం సంతోషం, సగం భయం.

దివిసీమ ఉప్పెన

1977 నవంబరు 19. శనివారం. కృష్ణా జిల్లా దివిసీమ మీద పెద్ద తుపాను విరుచుకుపడింది.

తుపాను గాలి సముద్రపు నీళ్లను ఒడ్డు మీదికి నెడుతుంది. అదే ఉప్పెన. దివిసీమ నేల పళ్లెంలాగా చదునుగా ఉంటుంది. నీళ్లను ఆపడానికి గుట్ట లేదు, మిట్ట లేదు. ఆ రోజు నీళ్లు సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చాయి. అంటే మూడు నిలువుల ఎత్తు. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు చెబితే ఆ ప్రాంతం వాళ్లకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా చనిపోయారు. పశువులకు లెక్కే లేదు.

తుపాను వస్తుందని రేడియోలో చెప్పారు. కానీ ఎన్ని గుడిసెల్లో రేడియో ఉంది? విన్నవాళ్లు కూడా నీళ్లు ఇంత ఎత్తున వస్తాయని అనుకోలేదు. పోదామన్నా, దగ్గరలో గట్టి మిద్దె లేదు.

ఆ తరువాత తీరం వెంట తుపాను ఆశ్రయాలు కట్టారు. 1990 మే 9న అదే తీరానికి అంతే పెద్ద తుపాను వచ్చింది. ఈసారి ఆరు లక్షల మందికి పైగా ముందే గట్టి చోటికి తరలించారు. అయినా వెయ్యి మంది దాకా చనిపోయారు. అది చిన్న లెక్క కాదు. కానీ పదివేలు ఎక్కడ, వెయ్యి ఎక్కడ! గాలిని ఎవరూ ఆపలేదు. మాట ముందు చేరింది, మనుషులు కదిలారు.

మళ్లీ అదే తేదీ

అవ్వ ఇంకా ఒప్పుకోలేదు. "అది కృష్ణా జిల్లా కథ" అంది.

సరే, మన కథ చూద్దాం. మన వైపు గుట్టల్లో పడిన వాన ఎక్కడికి పోతుంది? బాహుదా నదిలోకి, పింఛ నదిలోకి దిగుతుంది. ఆ రెండూ కలిస్తే చెయ్యేరు. చెయ్యేరు పోయి పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది.

2021 నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడింది. మన గుట్టల మీద వాన ఆగకుండా కురిసింది. పింఛ ప్రాజెక్టు కట్ట ముందు తెగింది. ఆ నీళ్లు కూడా కింద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మీదికి వచ్చాయి. అక్కడ ఐదు గేట్లు ఉంటే ఒకటి పని చేయలేదు. నవంబరు 19 తెల్లవారుజామున ఆ మట్టి కట్ట తెగిపోయింది. దివిసీమ ఉప్పెనకు సరిగ్గా 44 ఏళ్లు. అదే తేదీ.

ఆ రోజు కార్తీక పౌర్ణమి. పులపత్తూరులో శివాలయానికి దీపాలు పెట్టడానికి వెళ్లినవాళ్లు నీళ్లలో కొట్టుకుపోయారు. మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు గ్రామాల్లో ఇళ్లు నేలమట్టమయ్యాయి. ముప్పై మందికి పైగా చనిపోయారు, లేదా కనబడకుండా పోయారు. పొలాల్లో మోకాటి లోతు ఇసుక మేట వేసింది. మన వైపు టమాటా చేలోనే కుళ్లింది. ఆ నెలలో కిలో టమాటా నూరు రూపాయలు దాటింది. ధర ఉన్నప్పుడు మన దగ్గర కాయ లేదు. ఎప్పుడూ అంతే కదా!

అవ్వ కాసేపు మాట్లాడలేదు.

కట్టను చూసే కన్ను

వాన లెక్క ఒకటి వేద్దాం. ఒక ఎకరంలో 10 సెంటీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల లీటర్ల నీళ్లు. 15 లీటర్ల బిందెతో కొలిస్తే సుమారు 27 వేల బిందెలు. ఒక్క ఎకరానికే ఇంత. చెరువులోకి ఎన్ని వందల ఎకరాల నీళ్లు దిగుతాయో మీరే లెక్క వేయండి. ఆ బరువంతా కట్ట మోయాలి.

ఈ సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. కడప వైపు పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువు ఉంది. విజయనగర రాజుల కాలంలో, 1369లో అక్కడ రాతి మీద శాసనం చెక్కించారు. మంచి చెరువుకు ఏమేమి కావాలో, ఏమేమి ఉండకూడదో అందులో రాశారు. కట్టలోంచి నీళ్లు ఊరడం దోషమని కూడా రాశారు. 650 ఏళ్ల కిందటి మాట అది.

నీళ్లు ఊరితే ముందు చెమ్మ కనిపిస్తుంది. తరువాత సన్నని ధార. ధారలో నీళ్లు తేటగా ఉంటే కొంత నయం. బురదగా ఉంటే లోపల మట్టి కరిగి వస్తోందని అర్థం. అప్పుడు ఆలస్యం చేయరాదు. కట్ట మీద కంపచెట్లు పెరిగినా, పందికొక్కులు బొరియలు చేసినా, మరవకు అడ్డంగా మట్టి పోసినా ప్రమాదమే. కొందరు నాలుగు చేపల కోసం మరవ మూస్తారు. అది ఊరి ప్రాణాలతో ఆట.

పెద్ద వాన హెచ్చరిక వచ్చిన రాత్రి వాగు ఒడ్డున పడుకోవద్దు. మోకాటి లోతు నీళ్లే అయినా, వేగంగా పారితే మనిషిని పడేస్తాయి. ఆపద వస్తే 112కు ఫోన్ చేయాలి. ఈ నంబరు గోడ మీద పెద్దగా రాసి పెట్టుకోండి.

అప్పుడు అవ్వ నోరు విప్పింది. "మా చెరువు కట్టకు తూము పక్కన రెండేళ్లుగా చెమ్మ ఉంది. గొర్రెలు తోలుకొని పోయేటప్పుడు రోజూ చూస్తా. ఎవురికి చెప్పాల?"

"చెప్పొద్దవ్వా, రాద్దాం" అన్నారు మిగతావాళ్లు.

ఆ రాత్రే రాశారు. ఇదీ ఆ అర్జీ:

"నీటిపారుదల శాఖ ఇంజనీరు గారికి, మా పంచాయతీ సర్పంచు గారికి.

అయ్యా, మా ఊరి చెరువు కట్టకు తూముకు ఎడమ పక్కన రెండేళ్లుగా చెమ్మ వస్తోంది. కట్ట మీద కంపచెట్లు పెరిగాయి. చెరువు కింద యాభై ఇళ్లు ఉన్నాయి. వానలు ముదరక ముందే వచ్చి చూడండి. ఎప్పుడు వస్తారో మాకు రాసి తెలపండి. ఈ అర్జీ అందినట్టు నకలు మీద సంతకం చేసి ఇవ్వండి."

కింద పద్దెనిమిది మంది సంతకాలు పెట్టారు. అవ్వ తన పేరులో ఒక ఒత్తు మరిచిపోయింది. కాగితం మడిచేలోగా మళ్లీ అడిగి తీసుకొని, ఆ ఒత్తు పెట్టి ఇచ్చింది.