లెవెల్ పెంచాలా, కత్తి మార్చాలా?

ఈసారి వీడియో గేములో ఉన్న లెక్క రాస్తున్నాను. ఆటే కదా అని నవ్వకండి, చివర్లో ప్రశ్న ఉంది.

యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేము అంటే ఒక బొమ్మ మనిషిని మనమే నడిపిస్తూ శత్రువులతో కొట్లాడించే ఆట. అందులో బలం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి లెవెల్. కొట్లాడిన కొద్దీ అనుభవం పెరిగి పై మెట్టు ఎక్కుతాం. రెండోది సామాను, అంటే కత్తి, డాలు, కవచం.

2000లో వచ్చిన డయాబ్లో 2 చూడండి. ఒక లెవెల్ పెరిగితే 5 పాయింట్లు ఇస్తారు. బలం 1 పాయింటు పెరిగితే కత్తి దెబ్బ నూటికి ఒకటి చొప్పున పెరుగుతుంది. కత్తి దెబ్బ 20, బలం 50 అనుకుందాం.

ఇప్పుడు: 20 × 150/100 = 30

రెండు లెవెళ్ళు ఎక్కి 10 పాయింట్లూ బలానికే పెడితే: 20 × 160/100 = 32

లెవెల్ పెంచకుండా 24 దెబ్బ కత్తి పడితే: 24 × 150/100 = 36

అయితే కత్తే గొప్పదా? కాదు. ఆ కత్తికి బలం 60 కావాలని ఉంటే 50 ఉన్నవాళ్ళు దాన్ని వాడలేరు. మా ఊళ్ళో పెద్దవాళ్ళ వెదురు విల్లు చిన్నపిల్లలకిస్తే నారి సగం కూడా లాగలేరు, అట్లాగే ఇది. 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో జ్వైహాండర్ అనే పెద్ద కత్తికి బలం 24 కావాలి. రెండు చేతులా పడితే బలాన్ని ఒకటిన్నర రెట్లు లెక్కేస్తారు, అప్పుడు 16 చాలు.

మన హైదరాబాదులోనే ఓగర్ హెడ్ స్టూడియో వాళ్ళు 2017లో అసుర అనే ఆట తెచ్చారు. అందులో మొదలుపెట్టిన ప్రతిసారీ నేర్చుకునే విద్యల పట్టిక మారిపోతుంది. బట్టీ పడితే కుదరదు. దొరికిన విద్యకు దొరికిన ఆయుధాన్ని జోడించుకోవాలి.

చదువు కూడా ఇంతే. మన యూసుఫ్‌గూడ పక్కనే అమీర్‌పేటలో కోచింగ్ మెటీరియల్ కట్టలు కట్టలు అమ్ముతారు. భిన్నాలు రాకుండా అవి కొంటే ఎత్తలేని కత్తి కొన్నట్టే. కానీ ఇంకో మాట. మనలో చాలామంది ఇళ్ళల్లో పుస్తకమే లేదు. మనం ఎన్ని లెవెళ్ళు ఎక్కినా సామాను హాస్టల్లోనే దొరకాలి. ఆటలో పెట్టెలో దాచిన కత్తి దెబ్బ లెక్కలోకి రాదు. బీరువాలో ఉన్న డిక్షనరీ కూడా అంతే. మేడం గారూ, స్టడీ అవర్లో ఆ బీరువా తాళం తీయించండి. పుస్తకాలు చినగకుండా మేం వంతులవారీగా చూసుకుంటాం.

ప్రశ్న: కత్తి దెబ్బ 40, బలం 25. మొత్తం దెబ్బ ఎంత? జవాబు రేపు ప్రార్థన అయ్యాక చెబుతాను.

– 9వ తరగతి విద్యార్థిని